ఏడాదిన్నర కుక్కకి షుగరేంటి అనకండి

మా కాలనీ పార్కులో సాయంత్రం పూట కుక్కల్ని తిప్పేవాళ్ళం కొందరం ఒకచోట చేరుతుంటాం. ఈమధ్య అక్కడికి వచ్చే ఒక ఇంజినీరింగ్ కుర్రాడు తన ల్యాబ్రడార్ గురించి, "ఆంటీ, వీడు ఈ నెలలో నీళ్ళు తెగ తాగుతున్నాడు, రాత్రిళ్ళు లేచి బాత్రూంలో బకెట్లో మూతి పెడుతున్నాడు" అన్నాడు. ఎండలు బాబూ అన్నారొకరు. కిబుల్ (ప్యాకెట్లో వచ్చే పొడి తిండి) పెడితే దాహం ఎక్కువే అన్నారు ఇంకొకరు. నేను షుగర్ ఏమైనా ఉందేమో ఒకసారి యూరిన్ టెస్ట్ చేయించమంటే అందరూ నా వైపు తిరిగి, "ఏడాదిన్నర కుక్కకి షుగరేంటి మేడమ్!" అన్నారు.

ఈ మాట నాకు కొత్త కాదు. విజయవాడలో మా చెల్లెలు తన కుక్క మినీని తీసుకుని ఒక క్లినిక్‌కి వెళ్ళినప్పుడు అక్కడా అచ్చం ఇదే మాట విన్నది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను. నా వాదన ఒక్కటే. వయసు చిన్నది అన్న కారణంతో షుగర్‌ని లెక్కలోంచి తీసేయకూడదు. అలాగని నెట్‌లో నాలుగు లక్షణాలు చదివి మన కుక్కకి షుగరే వచ్చిందని మనమే తేల్చేయనూ కూడదు. ఈ రెండింటికీ మధ్య చెయ్యాల్సిన పని ఒకటుంది, అది తాగిన నీళ్ళు కొలవడం, మూత్రం పట్టి ఇవ్వడం. ఆ పని చేసేవాళ్ళు నాకు చాలా తక్కువగా కనిపిస్తున్నారు.

ప్రతి లక్షణానికీ ఒక సమాధానం దొరుకుతుంది

కుక్కల్లో షుగర్ లక్షణాలు ఎవరిని అడిగినా చెబుతారు: నీళ్ళు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బాగా తింటూ కూడా చిక్కిపోవడం. పదేళ్ళ కుక్కలో ఇవి కనిపిస్తే ఇంట్లోవాళ్ళు వెంటనే కంగారుపడతారు. చిన్న కుక్కలో అవే కనిపిస్తే ఒక్కోదానికీ ఒక్కో సమాధానం సిద్ధంగా ఉంటుంది. నీళ్ళకి ఎండ. ఇంట్లో పోసేస్తే ఇంకా ట్రైనింగ్ సరిగ్గా రాలేదని. తెగ తింటుంటే ఎదిగే వయసని. పక్కటెముకలు కనిపిస్తుంటే పొడుగు సాగుతోంది, తర్వాత ఒళ్ళు చేస్తుందని.

ఇందులో ఒక్కటీ తప్పుడు సమాధానం కాదు, నిజంగా సమస్య అంతా అక్కడే ఉంది. మే నెలలో బెజవాడ ఎండకి ఏ కుక్కయినా రొప్పుతుంది, రొప్పినప్పుడు ఒంట్లో నీరు పోతుంది, దాహం వేస్తుంది. ఏడాది లోపు పెద్ద జాతి కుక్కలు కాళ్ళు పొడుగై సన్నగా కనబడటమూ మామూలే. మగకుక్క అయితే ఈ వయసులో గోడకీ మొక్కకీ కాస్త కాస్త పోసి గుర్తులు పెట్టుకుంటుంది కూడా. కాబట్టి విడివిడిగా చూస్తే దేనికీ భయపడక్కర్లేదు. కానీ ఇవన్నీ ఒకే కుక్కలో, ఒకే నెలలో, అంతకుముందు లేకుండా మొదలైతే వాటిని విడదీసి చూడటం మానేయాలి. ఎండకి తాగిన నీళ్ళు ఆవిరై పోవాలి గానీ మడుగులు మడుగులుగా మూత్రమై రాకూడదు. ఎదిగే కుక్క తిన్నది ఒంటికి పట్టాలి, వెన్నుపూస చేతికి తగలకూడదు.

పోసే తీరులోనూ తేడా ఉంటుంది, అది గమనించడం కష్టమేమీ కాదు. గుర్తులు పెట్టే కుక్క, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్ ఉన్న కుక్క కొంచెం కొంచెంగా చాలాసార్లు పోస్తాయి. షుగర్ ఉన్న కుక్క ప్రతిసారీ ఎక్కువగా పోస్తుంది, రంగు కూడా నీళ్ళలాగే ఉంటుంది, తెల్లారేవరకు ఆపుకోలేదు. శుభ్రంగా బయటికి వెళ్ళడం అలవాటైన కుక్క హాల్లో పోసి, మూల నక్కి మన మొహం చూస్తుంటే అది మొండితనం కాదు. దాన్ని కొట్టకండి.

మినీ సంగతి

మినీకి అప్పటికి రెండేళ్ళు నిండలేదు. హీట్ (ఎదకి రావడం) అయిపోయి కొన్ని వారాలైంది, పిల్లలు పుట్టకుండా చేసే స్పే ఆపరేషన్ చేయించలేదు. ఎండాకాలం. మా చెల్లెలు ఫోన్‌లో "అక్కా, దీని గిన్నె నింపలేక చస్తున్నాను" అంటుండేది. రాత్రిళ్ళు హాల్లో పోసేస్తోందని మా మరిదిగారు సాయంత్రం ఆరు తర్వాత నీళ్ళ గిన్నె తీసేయడం మొదలుపెట్టారు. అది వెళ్ళి కుండీల కింద పళ్ళెంలో నీళ్ళు నాకేది.

క్లినిక్‌లో జ్వరం చూశారు, నట్టల మందు ఇచ్చారు, విటమిన్ సిరప్ రాశారు. షుగర్ టెస్ట్ చేస్తారా అని మా చెల్లెలు అడిగింది. మా అమ్మకి షుగర్ ఉంది కాబట్టి ఆ ఇంట్లో అందరికీ ఆ దాహం ఎలా ఉంటుందో తెలుసు. "ఈ వయసుకి షుగర్ రాదమ్మా, అది ముసలి కుక్కల జబ్బు" అన్నారట. తను వచ్చేసింది.

తర్వాత బాల్కనీలో చీమలు పట్టాయి. ఈ ముక్క నేను కళ్ళారా చూసింది. మేము వెళ్ళినరోజు పొద్దున్నే తెల్ల టైల్స్ మీద సన్నని ఎర్రచీమల బారు గోడ పగులులోంచి నేరుగా వచ్చి, మినీ రాత్రి పోసి ఆరిపోయిన మరక అంచు చుట్టూ తిరుగుతోంది. మధ్యలోకి పోవడం లేదు, అంచు వెంబడే. చెప్పులు లేకుండా అక్కడ కాలు పెడితే అరికాలు అంటుకుంటోంది, పాయసం ఒలికిన చోట అంటుకున్నట్టు. పనమ్మాయి ఒకసారి తుడిస్తే జిగట పోలేదు, వేణ్ణీళ్ళతో మళ్ళీ తుడిచింది. మా అమ్మ ఒక్క చూపు చూసి, "దీనికి నా జబ్బే" అంది.

షుగర్‌కి క్లోమానికి (పాంక్రియాస్) ఉన్న సంబంధం లోకానికి తెలిసిందే ఇలాంటి ఒక నేల మడుగు వల్ల. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అన్న ఇద్దరు డాక్టర్లు ఒక కుక్కకి క్లోమం తీసేశారు. బయటికి వెళ్ళడం అలవాటున్న ఆ కుక్క లోపలే పదే పదే పోస్తుంటే మింకోవ్‌స్కీ ఆ మూత్రం పరీక్షించి అందులో చక్కెర ఉందని కనుక్కున్నాడు. తర్వాత 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అన్న పరిశోధకులు ఇన్సులిన్ మీద ప్రయోగాలు చేసిందీ కుక్కల మీదే. మనుషుల ప్రాణం నిలిపిన మందు కుక్కల ప్రాణం పణంగా పెట్టి తెచ్చుకున్నది. అలాంటిది మన ఇంట్లో కుక్క అదే లక్షణం చూపిస్తే మూత్రంలో ఒక టెస్ట్ స్ట్రిప్ ముంచి చూడటానికి మనకి బద్ధకం అవుతుందా అని నాకు నిజంగా బాధేస్తుంది.

చీమల గురించి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. చీమలు వస్తే పరీక్ష చేయించడానికి అది మంచి కారణం. రాకపోతే షుగర్ లేదనడానికి మాత్రం అది రుజువు కాదు. ఫినాయిల్ వేసి కడిగే ఇళ్ళలో చీమలు ఎలా వస్తాయి?

రెండో డాక్టర్‌గారు ముందు యూరిన్ అడిగారు. మా చెల్లెలు పొద్దున్నే మినీ వెనకాల నడుస్తూ, అది కూర్చోగానే ఒక పేపర్ ప్లేటు కిందకి జరిపింది, అందులోంచి మెడికల్ షాపులో కొన్న డబ్బాలోకి వంచింది. అదీ మొత్తం శ్రమ. స్ట్రిప్‌లో గ్లూకోజ్ గడి ముదురు రంగుకి తిరిగింది. రక్తంలో కూడా షుగర్ ఎక్కువే ఉంది. స్పే కాని ఆడకుక్క కాబట్టి గర్భసంచిలో చీము పట్టిందేమోనని స్కానింగ్ కూడా చేశారు, ఎందుకంటే ఆ పయోమెట్రాలో కూడా హీట్ అయిన కొన్ని వారాలకి కుక్క ఇలాగే నీళ్ళు తాగుతుంది. అది లేదని తేలింది. హీట్ తర్వాత ఒంట్లో పెరిగే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇన్సులిన్‌ని పని చేయనివ్వదని, మినీ విషయంలో అదీ ఒక కారణం కావచ్చని ఆయన చెప్పారు. షుగర్ కాస్త అదుపులోకి వచ్చాక స్పే చేయించమన్నారు, చేయించారు.

"అరుదైనదాని కోసం అందర్నీ భయపెట్టడం ఎందుకు?"

పార్కులో నాకు ఎదురైన ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్నే. కుక్కల్లో షుగర్ ఎక్కువగా నడివయసు దాటాకే వస్తుంది, ఏడేళ్ళ తర్వాతే ఎక్కువ చూస్తారు. ఏడాది లోపు వచ్చేది బాగా అరుదు. కీస్‌హాండ్ లాంటి ఒకటి రెండు జాతుల్లో వంశపారంపర్యంగా చిన్నప్పుడే రావడం చూశారు, గోల్డెన్ రిట్రీవర్ పిల్లల్లోనూ నమోదైంది. మన వీధి జాతి కుక్కకో ల్యాబ్రడార్‌కో ఏడాదిన్నరకి నీళ్ళ దాహం పెరిగితే అది షుగర్ కాకపోయే అవకాశమే ఎక్కువ. మొదటి క్లినిక్‌లో డాక్టర్‌గారు చెప్పినదాంట్లో ఈ లెక్కవరకు నిజం ఉంది.

కానీ షుగర్ కాకపోతే అది మరేమిటి? ఇక్కడే నాకు వాళ్ళతో పేచీ. చిన్న కుక్క విపరీతంగా నీళ్ళు తాగడానికి ఉన్న మిగతా కారణాల్లో వదిలేయదగ్గది ఏదైనా ఉందా? పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గా ఎదగకపోవడం, ఇందాక చెప్పిన పయోమెట్రా, వానాకాలంలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్, మూత్రంలో ఇన్ఫెక్షన్, లివర్ లోపాలు, చక్కెరతో సంబంధం లేని డయాబెటిస్ ఇన్సిపిడస్. ఇవన్నీ చూపించుకోవాల్సినవే, కొన్నయితే షుగర్ కంటే తొందరగా ముదిరేవి. అదే డబ్బాలో మూత్రం చూస్తే చక్కెర ఉందా లేదా అన్నదే కాకుండా అది ఎంత పలచగా ఉంది, ప్రొటీన్ పోతోందా, చీము కణాలున్నాయా అన్నవీ తెలుస్తాయి. అంటే ఆ టెస్ట్ షుగర్ కోసం మాత్రమే చేసేది కాదు. దాహానికి కారణం వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది. ఫలితం "షుగర్ లేదు" అని వస్తే డబ్బు వృథా అయిందనుకోవడం సరికాదు, వెతకాల్సిన దారి ఒకటి తగ్గింది.

పార్కు కుర్రాడి కుక్క సంగతే చూడండి. ఆ కుక్క మూత్రంలో చక్కెర లేదు. పలచగా మాత్రం ఉంది. ఆ డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని. దురదకి ఎవరో రాసిచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు ఆ అబ్బాయి అయిపోయినప్పుడల్లా మళ్ళీ కొని వేస్తున్నాడు. స్టెరాయిడ్ పడితే కుక్క నీళ్ళు తాగుతుంది, పోస్తుంది, ఆకలితో అల్లాడుతుంది. అది కూడా ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అంటే నేను షుగర్ అనుకున్నది షుగర్ కాదు, కానీ ఎండ కూడా కాదు. చిన్న కుక్కలకి ఒంటి దురద మన ఊళ్ళలో ఎంత మామూలో, ఈ మాత్రలు ఎంత తేలిగ్గా వేస్తారో తెలిసినవాళ్ళు ముందు ఇంట్లో మందుల డబ్బా ఒకసారి చూసుకోండి.

ఇంకోవైపు తప్పు కూడా జరుగుతుంది. మూత్రంలో చక్కెర కనిపించినంత మాత్రాన షుగర్ జబ్బు అనలేం. రక్తంలో చక్కెర మామూలుగా ఉండి కిడ్నీ దాన్ని పట్టి ఉంచలేకపోతే కూడా మూత్రంలోకి వస్తుంది. బసెంజీ జాతిలో ఫాంకోనీ సిండ్రోమ్ అని ఉన్నది ఇలాంటిదే, ఎండబెట్టిన మాంసం ట్రీట్లు తిన్న వేరే జాతుల కుక్కల్లో కూడా అది బయటపడింది. అలాంటి కుక్కకి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదకి వస్తుంది. అందుకే రక్తపరీక్ష కూడా ఉండాలి, అనుమానం ఉంటే గత రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమైన్ అన్న పరీక్షా ఉంది. అలాగే జర్మన్ షెపర్డ్ కుర్రకుక్క తెగ తింటూ చిక్కిపోతుంటే, మలం కుప్పలు కుప్పలుగా పాలిపోయి వస్తుంటే అది క్లోమంలో జీర్ణరసాలు తయారవని జబ్బు కావచ్చు, దానికి దాహంతో పెద్ద సంబంధం ఉండదు.

నీళ్ళు కొలవడం

మామూలు కుక్క రోజుకి కిలో బరువుకి సుమారు 50-60 మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది. కిబుల్ తినేది కాస్త ఎక్కువ, పెరుగన్నం తినేది కాస్త తక్కువ. కిలోకి 100 మిల్లీలీటర్లు దాటితే ఏదో ఉన్నట్టే లెక్క. పాతిక కిలోల ల్యాబ్రడార్ రోజుకి రెండున్నర లీటర్లు దాటి తాగుతుంటే ఇక ఎండ మీద తొయ్యకండి. కొలవడానికి రెండు లీటర్ల బాటిల్ చాలు, పొద్దున్న నింపి అందులోంచే గిన్నెలో పోస్తూ, అయిపోతే మళ్ళీ నింపి ఎన్నిసార్లు నింపామో లెక్కపెట్టుకుంటూ, మర్నాడు అదే వేళకి మిగిలింది చూడటమే. ఆ రోజు బాత్రూం తలుపు వేసి ఉంచాలి, బకెట్లూ కుండీల పళ్ళేలూ ఖాళీ చెయ్యాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఇలా రెండు మూడు రోజులు చూసి ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "బాగా తాగుతోందండీ" అని చెప్తే డాక్టర్ తల ఊపుతారు, "మూడు లీటర్లు తాగుతోందండీ" అంటే పెన్ను కింద పెడతారు. బరువు కూడా అంతే, కుక్కని ఎత్తుకుని మెషీన్ ఎక్కి మన బరువు తీసేస్తే సరిపోతుంది.

నీళ్ళు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకండి. షుగర్‌లో దాహం వల్ల మూత్రం రావడం లేదు, మూత్రం వల్ల దాహం వేస్తోంది. రక్తంలో చక్కెర సుమారు 180-220 దాటాక కిడ్నీ దాన్ని ఆపలేదు, ఆ చక్కెర నీటిని లాక్కుని బయటికి పోతుంది, పోయినదాన్ని నింపుకోవడానికే కుక్క తాగుతుంది. గిన్నె తీసేస్తే మూత్రం ఆగదు, కుక్క ఎండిపోతుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది కదా అని

మన ఇళ్ళలో ఇప్పుడు గ్లూకోమీటర్ లేని ఇల్లు తక్కువ, కాబట్టి కుక్క చెవి అంచున గుచ్చి చూద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. చూడటం పాపం కాదు. కానీ మనుషుల మీటర్ కుక్క రక్తంలో సాధారణంగా అసలుకంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే చక్కెర ఎర్రకణాల్లో ఎంత, ప్లాస్మాలో ఎంత అన్న పంపకం వాటికీ మనకీ ఒకటి కాదు. అందుకని ఎక్కువ వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, మామూలుగా వస్తే దాన్ని నమ్ముకుని ఊరుకోకండి.

మందుల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. మా అమ్మ ప్రేమతోనే, "నా మాత్ర సగం ముక్క పెరుగన్నంలో కలిపి పెట్టనా" అంది. వద్దు. మనకొచ్చే టైప్ 2 షుగర్‌లో క్లోమం ఇంకా కొంత ఇన్సులిన్ ఇస్తుంటుంది కాబట్టి ఆ మాత్రలు పనిచేస్తాయి. షుగర్ వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఇన్సులిన్ తయారీయే దాదాపు ఆగిపోయి ఉంటుంది, లేనిదాన్ని మాత్ర తేలేదు. ఇంజెక్షనే దిక్కు, సాధారణంగా రోజుకి రెండుసార్లు. అదీ డాక్టర్ చెప్పిన మోతాదే. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 40 యూనిట్ల ఇన్సులిన్, పెన్నుల్లో ఉండేది 100 యూనిట్లది, సిరంజీలు కూడా దేనికి దానివి వేరు. 100 యూనిట్ల మందుని 40 గీతల సిరంజీలో ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. చక్కెర పడిపోతే కుక్క తూలుతుంది, ఫిట్స్ వస్తాయి, చనిపోవచ్చు కూడా.

బిస్కెట్లు పెట్టబట్టే వచ్చిందని మా చెల్లెల్ని అన్నవాళ్ళు చాలామంది. తను రోజులు తరబడి అదే తలుచుకుని ఏడ్చింది. బిస్కెట్లు మంచివి కావు, ఒళ్ళు పెంచుతాయి, ఒళ్ళు పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, అంతవరకే. చిన్న కుక్కలో ఇన్సులిన్ ఇచ్చే కణాలు పోవడానికి బిస్కెట్ కారణం కాదు. అప్పటికే కుంగిపోయి ఉన్న మనిషిని ఇంకా నొప్పించే మాటలు అనేముందు ఒక్క క్షణం ఆగితే బాగుంటుంది.

ఆగకూడని రోజు

ఇంతవరకు చెప్పినదంతా ఒకటి రెండు రోజుల వ్యవధి ఉన్న పని. కొన్నిటికి ఆ వ్యవధి లేదు. నీళ్ళు తెగ తాగుతూ వచ్చిన కుక్క ఉన్నట్టుండి తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, లేవకుండా పడుకున్నా, ఊపిరి లోతుగా తీస్తున్నా, నోట్లోంచి గోళ్ళరంగు తుడిచే మందు లాంటి వాసన వస్తున్నా ఆ రాత్రే తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ లేక ఒళ్ళు కొవ్వుని కరిగించుకుంటూ రక్తాన్ని ఆమ్లంగా మార్చేసుకునే స్థితి అది, సెలైన్ పెట్టి గంట గంటకీ చూడాల్సి వస్తుంది. దగ్గర్లో అలాంటి సౌకర్యం ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల వెటర్నరీ కాలేజీలున్నాయి, చుట్టుపక్కలవాళ్ళు అక్కడా అడగొచ్చు.

ముందే తెలిస్తే ఏం లాభం?

ఇది నన్ను నేనే అడుగుతున్న ప్రశ్న. ముందే పట్టుకున్నా జీవితాంతం రెండు పూటలా సూది, వేళకి తిండి, ఊరెళ్ళాలంటే ఎవరికో నేర్పించి వెళ్ళడం, ఇవేవీ తప్పవు. ఆ ఖర్చు భరించలేక తెలుసుకోకపోవడమే నయం అనుకునేవాళ్ళున్నారు, వాళ్ళని నేను తప్పుపట్టలేను, జీతం మీద బతికే ఇంట్లో నెలనెలా అది చిన్న మొత్తమేమీ కాదు. అయితే తెలుసుకోకపోతే ఖర్చు తప్పుతుందా? ఆలస్యమై ఆసుపత్రిలో రోజులు గడపాల్సి వస్తే ఒక్కసారికే నెలల ఇన్సులిన్ డబ్బు పోతుంది, కుక్క బతుకుతుందన్న నమ్మకమూ ఉండదు.

మినీ విషయంలో స్పే తర్వాత ఇన్సులిన్ మోతాదు తగ్గింది, పూర్తిగా పోలేదు. బరువు తిరిగి వచ్చింది, రాత్రిళ్ళు నిద్రపోతోంది. కళ్ళు మాత్రం ఆగలేదు. షుగర్ వచ్చిన కుక్కల్లో ఎక్కువవాటికి ఏడాది అటూ ఇటూగా శుక్లాలు వస్తాయని డాక్టర్‌గారు మొదటే చెప్పారు, అదుపులో పెట్టినా కొన్నిటికి తప్పదన్నారు, మినీకి తప్పలేదు. ముందే పట్టుకుంటే అన్నీ బాగుంటాయని నేను చెప్పలేను. కానీ ఆ శుక్లాలు తీసే ఆపరేషన్ చెయ్యాలన్నా షుగర్ నిలకడగా ఉండాలి, మినీకి ఇప్పుడు అది ఉంది. కంటి డాక్టర్ దగ్గరికి వచ్చే నెల తీసుకెళ్తున్నారు, ఈలోగా మా మరిదిగారు ఇంట్లో సోఫాలు జరపడం మానేశారు.